ఎనిమిదో తరగతి పిల్లల స్కాలర్‌షిప్ గురించి

అన్నలూ, అక్కలూ, మన హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఈ సంగతి దయచేసి వెళ్లి చెప్పండి, ఆ అమ్మానాన్నల్లో చాలామంది కూలికి పోయేవాళ్లు, ఈ గ్రూపులో లేరు. ఎన్ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల పిల్లలకే.

మెంటల్ ఎబిలిటీవి, అంటే తర్కంతో ఆలోచించి జవాబు చెప్పేవి 90, సబ్జెక్టులవి 90 ప్రశ్నలు ఉంటాయి. సబ్జెక్టులు టీచర్లు చెప్తారు, మన పిల్లలు తడబడేది ఆ మెంటల్ ఎబిలిటీ దగ్గరే. డిగ్రీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆదివారం రెండు గంటలు బడి వరండాలో కూర్చోబెట్టి నేర్పగలరా? పాత పేపర్ల జిరాక్స్ ఖర్చు నేను పెట్టుకుంటాను.

పోయినేడు మా చిన్నాన్న కూతురు ఆదాయం సర్టిఫికెట్ టైముకి చేతికి రాక దరఖాస్తే పెట్టలేకపోయింది, బాగా చదివే పిల్ల, నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అందుకే ఆ కాగితం కోసం మీసేవకు ఇప్పుడే వెళ్లమనండి. ఇప్పటికే ఎంపికైన పిల్లలు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేసుకోవాలి, లేకపోతే డబ్బు ఆగిపోతుంది. ఆదివారం రాగలిగేవాళ్లు కింద పేరు పెట్టండి.