ఏలీయాకు ముందు నిద్ర, తర్వాతే పని

అందరికీ వందనాలు. ఈ వారం మన ప్రార్థన మనవుల్లో ‘అలసిపోయాను’ అనే మాట పదే పదే కనిపించింది. ఒకసారి బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం చదవండి. చావు కోరుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత మందలించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు! రెండోసారి లేపినప్పుడు కూడా భోజనమే. హోరేబు కొండకు 40 రోజుల ప్రయాణం ఆ తర్వాతే.

విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసుడు, దాసి, పశువులు కూడా ఉన్నారు (నిర్గమకాండము 20:10). అంటే మనం విశ్రమిస్తూ ఇంట్లో మరొకరిచేత చాకిరీ చేయిస్తే లెక్కలోకి రాదన్నమాట. ఈ మాట ముందు నాకే తగిలింది.

ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ సమావేశం పెట్టడం లేదు. ఇంటికి వెళ్లి పడుకోండి.