నూతి మీద కారు పెట్టాం

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న సోమవారం మా వీధి చివర గెడ్డలో, అంటే వాననీళ్లు పోయే కాలువలో, పూడిక తీశారు. తీసిన బురద, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి బొండాల డొక్కలు అన్నీ గట్టు మీదే కుప్పపోసి వెళ్లిపోయారు. బుధవారం సాయంత్రం ఒక గంట వాన పడింది. కుప్పలో సగం మళ్లీ గెడ్డలోకే చేరింది. అక్టోబరు దగ్గర పడుతోంది, అందుకే ఈ ఉత్తరం.

2014 అక్టోబరు 12 ఆదివారం విశాఖలో ఉన్నవాళ్లకు హుద్‌హుద్ తుపాను గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మా అపార్ట్‌మెంటులోని ఇరవై కుటుంబాల్లో పదకొండు అప్పటికి ఈ ఊళ్లో లేవు. ఆ మధ్య మాటల్లో తుపాను సంగతి వస్తే, ఉద్యోగానికి ఇక్కడికొచ్చిన ఒక కుర్రాడు "గాలి ఆగగానే దిగి బండి చూసుకుంటే సరిపోతుంది కదండీ" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. ఆ రోజు మధ్యాహ్నం గాలి నిజంగానే ఆగింది. అయిపోయిందనుకుని జనం రోడ్డెక్కారు, మేమూ గుమ్మం దాటాం. అది తుపాను కన్ను, అంటే సుడి నడిమధ్యన గాలి లేని చోటు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి గాలి మొదలైంది. పొద్దున్న ఎలాగో తట్టుకున్న చెట్లు, రేకులు ఈసారి లేచిపోయాయి. తుపాను హెచ్చరికల కేంద్రం మన నగరంలోనే ఉంది, హెచ్చరికలూ ముందే వస్తున్నాయి. ఆ హెచ్చరిక విని ఏం చేయాలో, ఏం చేయకూడదో వీధిలో చెప్పేవాళ్లే తగ్గిపోతున్నారు.

అప్పట్లో మేం ఇదే వీధిలో అద్దెకుండేవాళ్లం. కరెంటు ఎనిమిదో రోజున గానీ రాలేదు. బోరుంది, మోటారుంది, నీళ్లు మాత్రం లేవు. ఆదుకున్నది ఎదురింటి మామ్మగారి పెరట్లో నుయ్యి. గిలక తుప్పుపట్టి కీచుమనేది. తాడు చీకిపోయి ఉంటే మా డాబా మీద బట్టలారేసే నైలాన్ తాడు విప్పి చేదకు కట్టాం. ఆవిడ పెరటి మెట్టు మీద కూచుని, "చంటిపిల్లలున్నవాళ్లు ముందు తోడుకోండమ్మా, మగాళ్లు కాస్త ఆగండి" అని వరస పెట్టేవారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. విపత్తు నిర్వహణ మీద తర్వాత ఒకటి రెండు సదస్సులకు వెళ్లాను గానీ, అంత చక్కటి ఏర్పాటు ఎక్కడా వినలేదు.

ఆవిడ పోయారు. మేమిప్పుడు ఉంటున్న అపార్ట్‌మెంటు ఆ స్థలంలో కట్టిందే. నూతి మీద స్లాబు వేశారు, స్లాబు మీద రెండు కార్లు ఉంటాయి. అందులో ఒకటి మా అబ్బాయిదే, దాచడం దేనికి?

సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్లకు బలం పెరుగుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు, ఆ నీరంతా ఒక్క పూటలో కుమ్మరిస్తే మన గెడ్డలే మోయాలి. విశాఖ ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం మధ్య ఇరుక్కున్న ఊరు. కొండ మీద పడ్డ వాన నిమిషాల్లో కిందికి దిగుతుంది. దాని దారిలో మనం గోడ కడితే ఆ నీరు పక్కనున్న ఇంట్లోకి పోతుంది. కొండవాలులో ఇళ్లున్నవాళ్లకైతే వాన పడ్డ రాత్రి నిద్రే ఉండదు. హుద్‌హుద్ తర్వాత నగరంలో కొన్ని చోట్ల కరెంటు తీగలు భూమిలోకి వెళ్లాయి, మంచిదే. వీధి స్థాయిలో మాత్రం ఏం మారిందో నాకు కనబడలేదు.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. ప్రతి వార్డు సచివాలయంలో ఒక రిజిస్టరు పెట్టాలి. వీధిలో పాతకాపులను కూచోబెట్టి, అప్పుడు నీళ్లు ఎవరింటి ఎన్నో మెట్టు దాకా వచ్చాయో, ఏ చెట్టు ఎటు పడిందో, ఏ గోడ బీటలు వారి ఉందో రాయించాలి. పనిచేసే నుయ్యి ఎక్కడుంది, జనరేటరు ఎవరి దగ్గరుంది, లిఫ్టు ఆగిపోతే కిందికి దిగలేని పెద్దవాళ్లు ఏ ఫ్లాట్లో ఉన్నారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ పేర్లు గోడకు అంటించక్కర్లేదు, బాధ్యత తీసుకున్న ఇద్దరికి తెలిస్తే చాలు. ఎండాకాలానికీ ఇదే రిజిస్టరు పనికొస్తుంది. మన దగ్గర ఎండ కంటే ఉక్కపోత ప్రమాదం. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. సెల్లారులో కిటికీ లేని గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం మే నెలలో మధ్యాహ్నాలు ఎక్కడ గడుపుతోందో ఏ అసోసియేషనైనా అడిగిందా? మేం అడగలేదు.

ఇక పూడిక సంగతి. తీసినరోజే బండికెత్తితేనే బిల్లు చెల్లించాలి, ఎత్తారని ఆ వీధివాళ్లు ఒకరు సంతకం పెట్టాలి. అంతకు మించి ఖర్చు లేదు.

నూతి స్లాబుకు తెరిచే మూత పెట్టిద్దామని, గిలక మళ్లీ బిగిద్దామని మా కమిటీలో అడిగాను. పార్కింగు పోతుందని ముగ్గురు ఒప్పుకోలేదు. ఆ ముగ్గురిలో మావాడూ ఉన్నాడు. వచ్చే ఆదివారం మళ్లీ మీటింగు ఉంది.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంటు అసోసియేషన్ మాజీ కార్యదర్శి,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం