క్లెమాటిస్ మొక్కలకు అడ్వాన్సులు తీసుకోవడం ఆపేశాం

మా నర్సరీకి వచ్చే అందరికీ నమస్కారం.

ఈ మధ్య కావలి, ఉలవపాడు, సింగరాయకొండ వైపు నుంచి వచ్చేవారిలో చాలామంది ఫోను తీసి ఒకే రకం ఫొటో చూపిస్తున్నారు. అరచేయంత ఊదారంగు పూలు గోడ నిండా విరగబూసిన తీగ. దాని పేరు క్లెమాటిస్. "ఎంతైనా ఫరవాలేదు, తెప్పించండి" అంటున్నారు. ఆ మొక్కను మేం అమ్మదలచుకోలేదు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారు ఏ రోజైనా వచ్చి పూర్తి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. రసీదు పోయినా ఇబ్బంది లేదు, పేర్లు మా పుస్తకంలో ఉన్నాయి.

మొక్క మంచిది కాక కాదు. అది ఎక్కే తీరు చూస్తుంటే నాకు పొద్దు తెలియదు. శంఖపుష్పంలా కాండంతో మెలిక వేయదు, కాకరలా నులితీగలు ఉండవు. ఆకు కాడే పురికొసను తాకి, వంగి, ఒక చుట్టు చుట్టి బిగుసుకుంటుంది. అందుకే లావు కర్ర పెడితే పట్టుకోలేదు, సన్నటి తీగో తాడో కావాలి. మనం రేకులనుకునేవి కూడా నిజానికి రేకులు కావు, మొగ్గను కప్పి ఉంచే రక్షక పత్రాలు. ఫొటోల్లో ఎక్కువగా కనిపించే ఊదా రకం జాక్మనీ. ఇంగ్లండులోని వోకింగ్‌లో జాక్మన్ కుటుంబపు నర్సరీ 1860ల మొదట్లో దాన్ని లోకానికి చూపించింది. చలిదేశపు తోటల కోసం తయారైన మొక్క అది.

చిక్కంతా అక్కడే ఉంది. ఈ తీగకు తల ఎండలో, వేళ్లు చల్లగా ఉండాలి. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోవాలి. మన దగ్గర డిసెంబరు రాత్రి కూడా 20 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది, మే నెలలో పగలు 40 దాటుతుంది. డాబా మీద కుండీలో మట్టి ఎంత వేడెక్కుతుందో మీకు వేరే చెప్పక్కరలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన కుండపోతగా కురిస్తే వేళ్ల దగ్గర నీరు నిలుస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్ల ఉప్పు దీనికి తోడు.

మాటలతో తేల్చకుండా, కొండ ప్రాంతపు నర్సరీ ఒకదాని నుంచి కొన్ని మొక్కలు తెప్పించి షేడ్‌నెట్ కింద పెంచి చూశాం. కార్తీకంలో చిగుళ్లు బాగానే వేశాయి. మాఘంలో పూశాయి కూడా, కానీ పూలు ఫొటోలో ఉన్నవాటిలో సగం వెడల్పు లేవు. రోహిణి కార్తె వచ్చేసరికి ఆకుల అంచులు మాడి, తీగలు కింది నుంచి ఎండిపోయాయి. అంత ఖరీదు పెట్టించి, ఒక వేసవి కూడా నిలవని మొక్కను మీ చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

మన తూర్పు కనుమల అడవుల్లోనూ క్లెమాటిస్ గౌరియానా అనే రకం ఉంది. చిన్న చిన్న తెల్లపూల గుత్తులు, ఆ తర్వాత నూగు తోకల గింజలు. అది అడవి తీగ, అక్కడి నుంచి పెకలించి తెచ్చి అమ్మే పని మేం చేయం.

ఫోనులో క్లెమాటిస్ గింజలు కొంటున్నవారికి ఒక మాట. పెద్ద పూల సంకర రకాలు గింజతో వేస్తే తల్లి రకం రాదు. వాటిని కొమ్మ కత్తిరింపులతోనో అంటుతోనో పెంచుతారు. పైగా కొన్ని గింజలు మొలవడానికే నెలలు పడుతుంది.

ఇప్పటికే ఎక్కడో కొని తెచ్చుకున్నవారు నిరుత్సాహపడవద్దు. అడుగున్నర లోతైన మట్టి కుండీలో, మొదలు రెండు మూడు అంగుళాలు మట్టిలోకి దిగేలా నాటండి. ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు గోడ పక్కన పెట్టి, పైమట్టిని కొబ్బరి పొట్టుతో కప్పండి. పట్టి ఉంచిన వాన నీళ్లు పోస్తే ఇంకా మంచిది. ఉన్నట్టుండి ఒక తీగ నల్లబడి వాలిపోతే దాన్ని ఆరోగ్యంగా ఉన్న చోటు దాకా, అవసరమైతే నేల మట్టానికి కోసేయండి. లోతుగా నాటిన మొక్క మట్టిలోని కణుపు నుంచి మళ్లీ చిగురించవచ్చు. రసం తగిలితే చర్మం మండుతుంది, చేతికి తొడుగు వేసుకోండి.

ఆ ఊదారంగే కావాలంటే నేను మనసారా చెప్పేది పెట్రియా. దీని ఆకు గరుకుగా ఉంటుంది. పూత వచ్చిందంటే తీగంతా గుత్తులే. ప్రతి పువ్వు నడుమ ఉన్న ముదురు ఊదా రేకులు కొద్ది రోజుల్లో రాలిపోయినా, చుట్టూ ఉన్న అయిదు లేత ఊదా రక్షక పత్రాలు వారాల తరబడి నిలుస్తాయి. చివరికి అవి రాలేటప్పుడు ఫ్యాను రెక్కల్లా తిరుగుతూ దిగుతాయి. ఎండకు తట్టుకుంటుంది. కానీ నిదానంగా పెరుగుతుంది, మొదటి ఏడాది పూలు ఆశించకండి. ముదిరాక కాండం కర్రబారి బరువెక్కుతుంది కాబట్టి పందిరి ఇనుప గొట్టాలతో గట్టిగా ఉండాలి. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను గాలి గుర్తున్నవారికి ఇనుప గొట్టాలు ఎందుకంటున్నానో తెలుస్తుంది.

తెల్లగా విచ్చుకుని, గులాబీ రంగుకు, ఆపై ఎరుపుకు మారే రాధామనోహరం కూడా మన ఎండకు చక్కగా సరిపోతుంది. చిన్న కాంపౌండు ఉన్నవారికి మాత్రం ఇవ్వను, పక్కింటి మీదికి పాకుతుంది. త్వరగా పూలు చూడాలనుకుంటే శంఖపుష్పం ఉంది. గింజలను రాత్రంతా నానబెట్టి విత్తండి. అవి మా దగ్గర ఉచితమే, అడిగి తీసుకోండి.

పెట్రియా మొక్కలు కడియం నుంచి సంక్రాంతి తర్వాత వస్తాయి. కావలసినవారు పేరు రాయించుకుంటే చాలు, మొక్కను కళ్లారా చూశాకే డబ్బు ఇవ్వండి.