క్లాస్ లీడర్ చేతికి స్కేలు ఎవరిచ్చారు? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది చెన్నై విల్లివాక్కంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఈ లేఖ తమిళ ప్రతి మీ ఆఫీసుకి పంపాను. ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు కూడా చదవాలని ఇది తెలుగులో పెడుతున్నాను.

మా అబ్బాయి చదివే ప్రైవేటు స్కూల్లో టీచర్ బయటికి వెళ్తే క్లాస్ లీడర్‌దే రాజ్యం. బోర్డు మూల మాట్లాడినవాళ్ళ పేర్లు రాస్తాడు. పేరు పక్కన ఎన్ని ఇంటూలుంటే స్కేలుతో అన్ని దెబ్బలు. చాక్లెట్ ఇస్తే ఒక ఇంటూ చెరుగుతుందట! పేరెంట్స్ మీటింగులో ఈ సంగతి అడిగితే, అక్కడి పెద్దాయన ఒకరు 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' నవలను అడ్డం పెట్టుకున్నారు. "పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేస్తే ఏమవుతారో అందులో ఉంది కదమ్మా, భయం ఉండాలి" అన్నారు.

ఆ నవల నేనూ చదివాను. 1954లో వచ్చింది. రాసిన విలియం గోల్డింగ్ స్వయానా బడిపంతులు, రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసినాయన. పెద్దవాళ్ళెవరూ లేని దీవిలో చిక్కుకున్న ఇంగ్లీషు పిల్లలు తోటి పిల్లల్నే చంపేదాకా వెళ్తారు, నిజమే. కానీ ఆ పిల్లల్లో వేటగాళ్ళుగా మారినవాళ్ళ నాయకుడు జాక్ ఎవరండీ? చర్చి గాయకబృందం లీడరు, హెడ్ బాయ్. ఆ హోదానే చూపించి నాయకత్వం తనకి కావాలంటాడు. తన బృందాన్ని నల్ల అంగీల్లో, మండే ఎండలో వరసగా నడిపించుకొస్తే ఒక పిల్లాడు కళ్ళు తిరిగి పడిపోతాడు. అప్పటికింకా వేట మొదలవలేదు. ఆ పెత్తనం దీవిలో పుట్టలేదు, బడి నుంచే వచ్చింది.

జాక్ బృందంలోని రోజర్ సంగతీ చూడండి. ఇసుకలో ఆడుకుంటున్న చిన్నవాడి మీదికి రాళ్ళు విసురుతాడు, తగలకుండా చుట్టూ పడేలా. అమ్మానాన్నలు, బడి, పోలీసులు, చట్టం అప్పటికింకా వాడి చెయ్యి పట్టుకుని ఆపుతున్నాయి. తర్వాత జాక్ కారణమే చెప్పకుండా ఒకణ్ణి కట్టేయించి కొట్టించబోతున్నాడని వింటాడు. అడిగే నాథుడు లేని అధికారం ఎలా ఉంటుందో వాడికి అక్కడ అర్థమవుతుంది. బండ దొర్లించి పిగ్గీ అనే తోటి పిల్లాణ్ణి చంపేది వాడే.

పెద్దలు లేనిచోటల్లా ఇలాగే జరుగుతుందనుకుంటే పొరపాటే. 1965లో టోంగా దేశపు బడిపిల్లలు ఆరుగురు నిర్జన దీవిలో చిక్కుకుని ఏడాదికి పైగా గడిపారు. పనులు పంచుకున్నారు, కాలు విరిగినవాణ్ణి చూసుకున్నారు, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అంతెందుకు, 2015 డిసెంబరు వరదల్లో మన చెన్నైలో కరెంటు లేదు, ఫోన్లు లేవు. పాలప్యాకెట్ వందకి అమ్మినవాళ్ళు ఉన్నారు, కాదనను. పడవలు తెచ్చి ముక్కూమొహం తెలియనివాళ్ళని దాటించిన జాలర్లూ ఉన్నారు. వాళ్ళ వెనక ఎవరూ స్కేలు పట్టుకుని నిలబడలేదు.

పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. టీచర్లకు ఇది తెలుసు. అందుకే కొన్నిచోట్ల ఆ పని పిల్లాడి చేతిమీదుగా జరిగిపోతోంది. పదేళ్ళవాడికి ఆ అలవాటు నేర్పుతున్నది మనమే.

క్లాస్ లీడర్ ఎవరినీ కొట్టకూడదు, శిక్షించకూడదు, టీచర్ లేని పీరియడ్‌లో మరో టీచర్ కూర్చోవాలి అని ఒక సర్క్యులర్ ఇప్పించండి. మెట్రిక్యులేషన్ స్కూళ్ళతో (ఇక్కడి ఒక రకం ప్రైవేటు స్కూళ్ళు) సహా అన్నిటికీ వెళ్ళాలి, నోటీసు బోర్డులో కనబడాలి. జూన్‌లో కొత్త లీడర్లను పెట్టేలోపే వస్తే మేలు.

ఇట్లు,
విల్లివాక్కం నుంచి ఒక తల్లి