జిల్లా విద్యాశాఖాధికారి గారికి: మా పిల్లల ఫుట్‌బాల్ ప్రాక్టీస్ టైమ్ మార్చండి

అయ్యా, నమస్కారం.

మావాడు తొమ్మిదో తరగతి, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడతాడు. మొన్న పొద్దున్న పదిన్నరకి ప్రాక్టీస్‌లో కళ్లు తిరిగి కూలబడ్డాడు. జెర్సీ పిండితే ధారగా నీళ్లు కారాయి. కోచ్ గారు ‘నాటకాలా?’ అన్నారట. తోటి పిల్లలే కుళాయి దగ్గరికి మోసుకెళ్లి తల తడిపారు.

‘విజయవాడంత ఎండ విశాఖలో ఎక్కడిది?’ అంటారు. మన బాధ ఉక్కపోత. సముద్రపు గాలిలో తేమకి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, పిల్లాడు తికమకగా మాట్లాడాడంటే వడదెబ్బే. 108కి ఫోన్ చేసి చేతులు కట్టుకుని నిలబడితే కుదరదు. అది వచ్చేలోగానే చన్నీళ్ల టబ్బులో మెడదాకా కూర్చోబెట్టాలి, తల మునగకుండా పట్టుకుని. ఓ పెద్ద టబ్బు, నాలుగు ఐసు ముక్కలు! ట్రోఫీల మీద పెట్టే ఖర్చులో ఇదెంత?

ఎండాకాలం ప్రాక్టీస్ ఏడున్నరలోపే ముగించమనండి. సెలవులయ్యాక మొదటిరోజే పరుగులు పెట్టించకుండా పది, పదిహేను రోజుల్లో మెల్లగా పెంచమనండి. అడగకుండానే నీళ్లు ఇవ్వమనండి.

సోమవారం నుంచి మళ్లీ వెళ్తానంటున్నాడు మావాడు. ఈలోగా మీ ఉత్తర్వు వస్తుందని చూస్తున్నాను.

ఒక తండ్రి,
గాజువాక