మెషీన్స్ ల్యాబ్‌ను కుదిస్తే ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మిగిలేదేమిటి?

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

విశ్వవిద్యాలయంలో ఏ శాఖ ఎంచుకోవాలో చెప్పే వ్యాసాలు విద్యా పేజీల్లో వచ్చినప్పుడల్లా ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ గురించి దాదాపు ఒకే మాట కనిపిస్తోంది. మోటార్లు, జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల వంటి పాత సబ్జెక్టులను పరీక్ష గట్టెక్కేంత వరకే చదివి, మిగిలిన సమయమంతా ప్రోగ్రామింగ్‌కు ఇస్తే ఈ శాఖలోనూ భవిష్యత్తు ఉంటుందన్నది ఆ సలహా. దీన్ని విద్యార్థులే కాక పాఠ్యప్రణాళికలు రూపొందించేవారిలో కొందరూ నమ్ముతున్నారు. అందుకే ఎలక్ట్రికల్ మెషీన్స్‌కు కేటాయించిన గంటలు కుదించడం, ల్యాబులో మోటారు నడపవలసిన చోట కంప్యూటర్ తెర మీద సిమ్యులేషన్ చూపించి సరిపెట్టడం జరుగుతోంది. చాలా ఏళ్లు సబ్‌స్టేషన్లలో, లోపాన్ని పసిగట్టి సరఫరాను తెంపించే రిలేల పని చూసి, తర్వాత ఇదే శాఖలో పాఠాలు చెప్పినవాడిగా, ఈ మార్పు విద్యార్థుల ఉద్యోగావకాశాలనే దెబ్బతీస్తుందని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

పాతవి అనుకుంటున్న ఆ సబ్జెక్టులు ఎక్కడ పనికొస్తున్నాయో చూడటానికి విద్యుత్ వాహనాన్ని తీసుకుందాం. బ్యాటరీ నుంచి వచ్చే ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టర్ మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తుగా మార్చి మోటారుకు అందిస్తుంది. నడిపేవారు కోరినంత టార్క్ (తిప్పే బలం) కోరిన క్షణానే రావాలంటే, మూడు ఫేజుల్లో నిరంతరం మారుతూ ఉండే కరెంట్లను, మోటారులోని కదిలే భాగమైన రోటర్‌తో పాటు తిరిగే రెండు అక్షాల మీద రెండు నిలకడ రాశులుగా మార్చి చూపే లెక్క కావాలి. వాటిలో ఒకటి అయస్కాంత క్షేత్రాన్ని, రెండోది టార్క్‌ను అదుపు చేస్తుంది. ఈ లెక్కలో మొదటి మెట్టు క్లార్క్ పరివర్తన, రెండో మెట్టు పార్క్ పరివర్తన. రాబర్ట్ పార్క్ తన సిద్ధాంతాన్ని 1929లో ప్రచురించినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నవి విద్యుత్ కేంద్రాల్లో, సరఫరా ఫ్రీక్వెన్సీకి కట్టుబడిన వేగంతో తిరిగే సింక్రొనస్ జనరేటర్లు. ఎడిత్ క్లార్క్ పరిశోధన పొడవైన ట్రాన్స్‌మిషన్ లైన్ల మీద, మూడు ఫేజుల మధ్య సమతుల్యత చెడినప్పుడు వ్యవస్థ ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్న మీద సాగింది. వాళ్లిద్దరూ ఊహించి ఉండని చోట, వాహనంలోని ఒక చిన్న మైక్రోకంట్రోలర్‌లో, ఆ రెండు పరివర్తనలూ ఇప్పుడు సెకనుకు వేలసార్లు నడుస్తున్నాయి. ఆ ప్రోగ్రాము రాయడానికి ప్రోగ్రామింగ్ తప్పక రావాలి. అయితే రోటర్ అక్షం అంటే ఏమిటో తెలియనివారు రాసిన ప్రోగ్రాముతో మోటారు తిరగకపోతే, తప్పు ఎక్కడుందో వెతకడం వారికి సాధ్యం కాదు.

ఈ శాఖ అమ్మాయిలకు తగదని ఇప్పటికీ అనేవారున్నారు కాబట్టి క్లార్క్ గురించి మరో మాట చెప్పాలి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ మాస్టర్స్ పట్టా పొందిన తొలి మహిళ ఆమె, అది 1919లో. పట్టా చేతిలో ఉన్నా ఇంజినీరుగా ఎవరూ తీసుకోకపోవడంతో, లెక్కలు చేసే బృందానికి పర్యవేక్షకురాలిగా కొంతకాలం పనిచేసి, 1922లో గాని ఇంజినీరు హోదా పొందలేకపోయారు.

ఇక గ్రిడ్ సంగతి. బొగ్గుతోనో నీటితోనో నడిచే విద్యుత్ కేంద్రంలో వందల టన్నుల బరువైన రోటర్లు తిరుగుతుంటాయి. 50 హెర్ట్జ్ గ్రిడ్‌కు కలిపిన రెండు ధ్రువాల జనరేటర్ నిమిషానికి 3000 సార్లు తిరగాలి. ఎక్కడైనా ఒక కేంద్రం హఠాత్తుగా ఆగిపోతే, మిగిలిన రోటర్లు తమ గతిజ శక్తిలో కొంత వదులుకుంటూ ఆ లోటును కొన్ని సెకన్లు మోస్తాయి; టర్బైన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్లు స్పందించి ఉత్పత్తిని పెంచడానికి ఆ వ్యవధి చాలుతుంది. సౌర ఫలకాలను గ్రిడ్‌కు కలిపే ఇన్వర్టర్‌లో తిరిగే బరువేదీ ఉండదు. అందువల్ల సౌర విద్యుత్తు వాటా పెరిగేకొద్దీ వేగం మార్పును అడ్డుకునే ఆ జడత్వాన్ని మరో మార్గంలో సమకూర్చాలి: ఇన్వర్టర్ నియంత్రణను జనరేటర్ ప్రవర్తనను అనుకరించేలా రూపొందించడం ఒక మార్గం, విద్యుత్తు ఉత్పత్తి చేయకుండా కేవలం తిరుగుతూ ఉండే సింక్రొనస్ కండెన్సర్లను అమర్చడం మరొకటి. రెంటికీ మూలం సింక్రొనస్ మెషీన్ పాఠమే.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో మధ్యాహ్నం వేళ విద్యుత్ సరఫరా దాదాపు పూర్తిగా కుప్పకూలింది. వోల్టేజి పరిమితికి మించి పెరగడం, దాన్ని వెనువెంటనే అదుపు చేసే సామర్థ్యం చాలినంత లేకపోవడం, ఆ ఫలితంగా ఉత్పత్తి కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి విడిపోవడం అక్కడ జరిగిన క్రమం. వోల్టేజిని అదుపులో ఉంచడమంటే ప్రధానంగా రియాక్టివ్ పవర్‌ను, అంటే పని చేయకుండా మూలానికీ లోడుకీ మధ్య అటూ ఇటూ ఊగుతుండే విద్యుత్తును, సమతూకంలో ఉంచడమే. ఈ రియాక్టివ్ పవర్ అన్న భావన విద్యార్థికి తొలిసారి సర్క్యూట్స్ పుస్తకంలో ఎదురవుతుంది. చాలామందికి అది సూత్రం రాసి మార్కులు తెచ్చుకునే విషయంగానే మిగిలిపోతుంది. ల్యాబులో సింక్రొనస్ మెషీన్ ఫీల్డ్ కరెంటును (అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే కరెంటును) మెల్లగా పెంచుతూ, సరఫరా కరెంటును చూపే అమ్మీటరు ముల్లు మొదట తగ్గి తర్వాత మళ్లీ పెరగడాన్ని కళ్లారా చూసిన విద్యార్థికి మాత్రం అది మనసులో నిలుస్తుంది.

సిమ్యులేషన్‌కు నేను వ్యతిరేకిని కాను. వేలాది బస్‌లు (లైన్లు కలిసే కూడళ్లు) ఉన్న గ్రిడ్‌ను మరో విధంగా అధ్యయనం చేయడం అసాధ్యం. నా అభ్యంతరమల్లా దానితోనే సరిపెట్టడం మీద. ఒక ఆల్టర్నేటర్‌ను (ఏసీ జనరేటర్‌ను) సరఫరాకు కలిపే ప్రయోగం ఈ శాఖలో చదివినవారందరికీ గుర్తుండే ఉంటుంది. స్విచ్‌కు అటూ ఇటూ మూడు దీపాలు కలుపుతాం. అవి ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటే ఫేజుల వరుస తప్పిందని అర్థం. మూడూ కలిసి వెలిగి ఆరుతుంటే వరుస సరిగా ఉందని అర్థం. వేగాన్ని సవరిస్తూ పోతే ఆ వెలుగునీడల లయ నెమ్మదిస్తుంది, దీపాలు పూర్తిగా ఆరి ఉన్న సమయం చూసి స్విచ్ వేయాలి. తొందరపడి వేస్తే మెషీన్ ఒక్కసారిగా అదిరిపడుతుంది. తెర మీద అదే తప్పు చేస్తే గ్రాఫులో గీత కొంచెం పైకి లేస్తుంది, అంతే. పెద్ద కరెంటును కొలవడానికి వీలుగా తగ్గించి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని (మీటరు వైపు చుట్టను), ప్రైమరీలో కరెంటు ప్రవహిస్తుండగా విప్పకూడదన్న నియమం కూడా ఇలాంటిదే. అక్కడ పుట్టే వోల్టేజి ప్రాణం తీయగలదు కాబట్టి, ఆ జాగ్రత్త చేతికి అలవాటు కావాలి, పుస్తకంలో చదివితే సరిపోదు.

ఉద్యోగాల విషయంలో విద్యార్థులకు చేరుతున్న చిత్రం అసంపూర్ణంగా ఉంది. ఎలక్ట్రికల్ అంటే విద్యుత్ సంస్థలో ఉద్యోగం, లేకుంటే సాఫ్ట్‌వేర్ అన్నట్టు చెబుతున్నారు. గ్రిడ్‌లో లోపం తలెత్తినప్పుడు ఏ బ్రేకరు ఎంత సమయంలో తెరుచుకోవాలో నిర్ణయించే రక్షణ ఇంజినీర్లు, కొత్త సబ్‌స్టేషన్‌లో ప్రతి వైరునూ పరీక్షించి తొలిసారి సరఫరా ఇచ్చే కమిషనింగ్ ఇంజినీర్లు, సిలికాన్ కార్బైడ్, గాలియం నైట్రైడ్ పరికరాలతో ఛార్జర్లు, ఇన్వర్టర్లు రూపొందించే పవర్ ఎలక్ట్రానిక్స్ నిపుణులు, కర్మాగారాల్లో మోటార్ల వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌లు, ఆటోమేషన్ చూసేవారు, రైళ్ల ట్రాక్షన్ వ్యవస్థల్లో, డేటా సెంటర్ల విద్యుత్ సరఫరాలో, వైద్య పరికరాల తయారీలో పనిచేసేవారు, వీళ్లంతా ఈ శాఖ నుంచి వచ్చినవారే. సీటీ స్కాన్‌కు గాను 1979లో వైద్యశాస్త్రంలో నోబెల్ పురస్కారం పంచుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ ఎలక్ట్రికల్ ఇంజినీరు. సమాచార సిద్ధాంతానికి 1948లో పునాది వేసిన క్లాడ్ షానన్ చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, గణితం. చిప్ డిజైన్, టెలికమ్యూనికేషన్ల వైపు వెళ్లాలనుకునేవారికీ సిగ్నల్స్, ఫీల్డ్స్ పాఠాలే దారి.

ఈ ఉద్యోగాలన్నీ సుఖమైనవని చెప్పడం లేదు. కమిషనింగ్ పనిలో నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండాలి. సరఫరా ఆపడానికి అనుమతి దొరికేది తరచు రాత్రివేళల్లోనే. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన సహపాఠి జీతం కన్నా తక్కువగా ఉండవచ్చు. రిలే సెట్టింగులు లెక్కించడంలో నేర్పు రావడానికి ఏళ్లు పడుతుంది, కాని ఆ నేర్పు వచ్చినవారి విలువ వయసుతో పాటు పెరుగుతూ పోవడం నేను చూశాను. మొదటి జీతాన్ని మాత్రమే పట్టికలుగా వేసి శాఖలను పోల్చడం వల్ల పదిహేడేళ్ల విద్యార్థికి ఈ సంగతి తెలిసే వీలు లేకుండా పోతోంది.

ఈ శాఖలో చేరాలనుకునేవారు విశ్వవిద్యాలయాన్ని అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ల్యాబులో ఎన్ని మెషీన్లు నిజంగా పనిచేస్తున్నాయి? ఒక్కో బల్ల దగ్గర ఎంతమంది విద్యార్థులు నిలబడతారు, కనెక్షన్లు ఇచ్చేది విద్యార్థులా, ల్యాబ్ సహాయకులా? చివరి ఏడాది ప్రాజెక్టులో పరికరం తయారు చేయిస్తారా? అలాగే, సంకీర్ణ సంఖ్యలు, అవకలన సమీకరణాలు, లాప్లాస్, ఫూరియే పరివర్తనలు లేకుండా ఇక్కడ ఒక్క అడుగూ పడదు. గణితం మీద ఇష్టం లేనివారు చేరేముందే ఈ సంగతి ఆలోచించుకోవడం మేలు.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఈ శాఖ గురించి మళ్లీ వ్యాసం ప్రచురించేటప్పుడు కెరీర్ సలహాదారులతో పాటు, గ్రిడ్ కంట్రోల్ రూముల్లో, మోటారు డ్రైవ్‌ల తయారీలో పనిచేస్తున్న ఇంజినీర్లను కూడా, తాము చదివినవాటిలో రోజూ వాడుతున్న పాఠాలేవో అడిగి రాయండి. మెషీన్స్ ల్యాబ్ గంటలు తగ్గించే ప్రతిపాదన ముందుకు వచ్చినప్పుడు, ఆమోదించడానికి ముందు ఆ ఇంజినీర్ల అభిప్రాయం తీసుకోవాలని పాఠ్యప్రణాళిక సంఘాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు