షుగర్‌తో కిడ్నీ జబ్బు: మన సంఘం వార్షిక నివేదిక, హైదరాబాద్

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పని చాలావరకు ఒక్క పరీక్ష చుట్టూనే తిరిగింది: మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత కారుతోందో క్రియాటినిన్ అనే వ్యర్థంతో పోల్చి చెప్పే ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, అంటే ఏసీఆర్. మూడు నెలలకోసారి తప్పకుండా షుగర్ చూపించుకునేవాళ్లలో కూడా చాలామంది దీని పేరు వినలేదు. టైప్ 2 అయితే షుగర్ బయటపడ్డ రోజు నుంచే ఏటా చేయించుకోవాలి.

ఒకే షుగర్ ఉన్న ఇద్దరిలో ఒకరి కిడ్నీలే ఎందుకు చెడతాయని బస్తీ సమావేశాల్లో పదే పదే అడిగారు. కొంత వంశం, కొంత హార్మోన్లు. తోబుట్టువుల్లో ఒకరికి షుగర్‌తో కిడ్నీలు పాడైతే, షుగర్ ఉన్న మిగతావాళ్లకూ ముప్పు ఎక్కువే. ఏ ఒక్క జన్యువో దీనికి కారణం కాదు. కిడ్నీలోని వడపోత పొరకు బలమిచ్చే కొల్లాజెన్‌కు సంబంధించిన సీఓఎల్4ఏ3 జన్యువులో ఒక మార్పు టైప్ 1 వారికి రక్షణగా ఉంటుందని 2019లో తేలింది. అయినా మామూలు రోగికి జన్యు పరీక్ష అక్కర్లేదని మా గట్టి అభిప్రాయం. ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరిగిందా అని అడిగితే చాలా సంగతి తెలుస్తుంది. ఆ ప్రశ్నను సభ్యత్వ ఫారంలో చేర్చాం.

హార్మోన్లలో ముఖ్యమైనది యాంజియోటెన్సిన్-2. వడపోత గుచ్ఛం నుంచి రక్తం బయటికి పోయే సన్న నాళాన్ని అది బిగిస్తుంది. లోపల ఒత్తిడి పెరిగి ఆల్బుమిన్ మూత్రంలోకి కారుతుంది. ఆల్డోస్టిరాన్ అనే మరో హార్మోన్ తోడైతే కిడ్నీలో మచ్చ కడుతుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ ఈ బిగింపును సడలిస్తాయి. ఏసీఆర్ ఎక్కువగా ఉన్నవారికి ఇవి వట్టి బీపీ మాత్రలు కావు. బీపీ బాగుందని సొంతంగా మానేయకండి. మొదలుపెట్టిన 1–2 వారాల్లో రక్తంలో క్రియాటినిన్, పొటాషియం చూపించుకోండి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరగడం మందు పనిలో భాగమే. మనవాళ్లు ఎక్కువగా భయపడి మాత్ర ఆపింది ఇక్కడే. పొటాషియం పెరిగినవాళ్లు మాత్రం ఎండాకాలమైనా కొబ్బరిబోండాం జోలికి పోవద్దు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫినాక్ కొనుక్కుని మింగొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మాత్ర ఆపాలా అని డాక్టర్‌ను అడగండి. గర్భం అనుకునేవారు ముందే చెప్పి మందు మార్పించుకోవాలి.

ఇంకో పొరపాటు మనసును కలచివేస్తుంది. కిడ్నీ దెబ్బతింటే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, షుగర్ పడిపోతుంది. ఇంట్లోవాళ్లు జబ్బు నయమవుతోందని సంతోషిస్తారు. మోతాదు పెంచకుండానే షుగర్ తరచూ పడిపోతుంటే కిడ్నీ పరీక్షలు చేయించండి.

శాంపిల్ విషయం: ఉదయం మొదటి మూత్రం, ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే. కడిగిన పచ్చడి సీసాలో తెచ్చినవి తిప్పి పంపాం. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి, ముందురోజు గట్టి వ్యాయామం ఉంటే అంకె తప్పుగా పెరుగుతుంది. ఏసీఆర్ 30 mg/g దాటితే 3–6 నెలల్లో 3 సార్లు చూసి, 2 సార్లు ఎక్కువ వస్తేనే జబ్బుగా లెక్క.

సభ్యత్వం రెన్యువల్‌కు వచ్చేటప్పుడు ఏసీఆర్ రిపోర్టు కాపీ తీసుకురండి.